కంపెనీ తాలిన్‌లో, నేను హైదరాబాద్‌లో

ఎస్టోనియాలో కంపెనీ పెట్టానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "అయితే మీకు యూరప్ వీసా అక్కర్లేదన్నమాట!" ఎందుకు అక్కర్లేదు, కచ్చితంగా కావాలి. ఈ-రెసిడెన్సీ కార్డు వీసా కాదు, అక్కడ ఉండే హక్కు కాదు, దాని మీద నా ఫొటో కూడా లేదు. ఎస్టోనియా ప్రభుత్వం 2014 డిసెంబరు నుంచి విదేశీయులకు ఇస్తున్న డిజిటల్ గుర్తింపు అది. దాంతో వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్లలోకి లాగిన్ కావచ్చు, చట్టం ఒప్పుకునే సంతకం కంప్యూటర్లోనే పెట్టొచ్చు, కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇప్పటికి లక్షమందికి పైగా తీసుకున్నారు. ఆ దేశ జనాభాయే పదమూడు లక్షల చిల్లర. మన విశాఖపట్నం అంతకన్నా పెద్దది.

నేను అమ్మేది చిన్న హోటళ్లకు గదుల బుకింగ్ చూసుకునే సాఫ్ట్‌వేర్. పది, పదిహేను గదులుండి, యజమానే రిసెప్షన్‌లో కూర్చునే చోట్లకి పనికొచ్చేది. మొదట్లో అరకు, పుదుచ్చేరి వైపు అమ్మాను. నాతో కాకినాడలో చదివినవాడు ఒకడు మ్యూనిక్‌లో ఉంటాడు. వాడు తరచూ దిగే ఒక కుటుంబ హోటల్ వాళ్ళకి దీన్ని చూపించాడు. వాళ్ళకి నచ్చింది. ఆస్ట్రియాలో ఉన్న వాళ్ళ చుట్టాలకీ నచ్చింది. అలా ఒక్కొక్కరే చేరారు.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఎవరూ పేచీ పెట్టలేదు. పేచీ అంతా డబ్బు కట్టే దగ్గరే. నెలకి నలభై యూరోలు ఇండియాకి పంపాలంటే మధ్యలో బ్యాంకులు తీసుకునే ఛార్జీలు చూసి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పైగా వాళ్ళ అకౌంటెంట్లు ప్రతి బిల్లుకీ యూరోపియన్ వ్యాట్ నంబర్ ఏదని అడుగుతారు. ఒక హోటల్ యజమానురాలు మొహమాటం లేకుండా రాసేసింది: మీ సరుకు బాగుంది, కానీ మా అకౌంటెంటుకి మీ బిల్లు నచ్చడం లేదు, యూరప్‌లో ఎక్కడైనా కంపెనీ ఉంటే చెప్పండి అని.

ఎక్కడైనా అంటే ఎక్కడ? జర్మనీలో మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది పెట్టాలంటే మూలధనం 25 వేల యూరోలు, దాని మీద నోటరీ వ్యవహారం. ఐర్లండ్‌లో డైరెక్టర్లలో ఒక్కరైనా యూరప్ ఆర్థిక మండలిలో ఉండేవాళ్ళు కావాలి, లేదంటే బాండు కొనుక్కోవాలి. ఎస్టోనియాలో ఇవేమీ లేవు. డైరెక్టర్ ఎక్కడైనా ఉండొచ్చు. మూలధనం అప్పటిదాకా కనీసం 2,500 యూరోలు ఉండేది. 2023 ఫిబ్రవరి 1 నుంచి ఆ నియమం కూడా తీసేసి, ఒక్కో వాటాదారుకి ఒక్క సెంటు ఉన్నా చాలన్నారు. నేను కదిలింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

కదిలింది ఎస్టోనియా వైపు కాదు, ముందు మా ఆడిటర్ గారి ఆఫీసు వైపు. ఆవిడ మాది చిన్న ప్రొప్రైటర్‌షిప్‌గా ఉన్నప్పటి నుంచీ లెక్కలు చూస్తున్నారు. విషయం మొత్తం విని, "బాబూ, ఎస్టోనియా వాళ్ళు నిన్నేమీ అనరు. అనేది మనవాళ్ళే. ముందు ఫెమా సంగతి చూద్దాం" అన్నారు. ఫెమా అంటే మన విదేశీ మారకద్రవ్య చట్టం. దీన్ని వివరంగా రాస్తాను. ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఈ-రెసిడెన్సీ మీద కనిపించే వీడియోల్లో ఈ భాగం ఉండదు. అవి ఎక్కువగా ఏ బ్రిటన్ వాళ్ళో చేసినవి. వాళ్ళకి మన రిజర్వ్ బ్యాంకు లేదు.

ఇండియాలో ఉంటున్న మనిషి విదేశీ కంపెనీలో వాటా తీసుకుంటే అది విదేశాల్లో పెట్టే ప్రత్యక్ష పెట్టుబడి కిందికి వస్తుంది. వాటా విలువ ఒక్క సెంటు అయినా సరే, వంద కోట్లయినా సరే. 2022 ఆగస్టులో దీనికి కొత్త నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం మామూలు వ్యక్తి కూడా బయట కంపెనీ పెట్టుకోవచ్చు. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితిలోనే ఉండాలి. ఆ కంపెనీ నిజంగా వ్యాపారం చేసేదై ఉండాలి, ఫైనాన్స్ వ్యాపారం కాకూడదు, కంపెనీ మన చేతిలో ఉంటే దాని కింద మళ్ళీ పిల్ల కంపెనీలు ఉండకూడదు. మూలధనం బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ నింపి ఇస్తే, రిజర్వ్ బ్యాంకు ఆ పెట్టుబడికి ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. అది వచ్చాకే డబ్బు కదులుతుంది. వాటా వచ్చినట్టు రుజువు ఆరు నెలల్లోపు బ్యాంకులో ఇవ్వాలి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ డిసెంబరు 31లోపు కంపెనీ ఎలా నడుస్తోందో రిపోర్టు పెట్టాలి. ఆలస్యమైతే 7,500 రూపాయల రుసుము. పెట్టకుండా వదిలేస్తే కొత్తగా ఒక్క రూపాయి కూడా పంపనివ్వరు.

చాలామంది చేసేది ఏమిటంటే, క్రెడిట్ కార్డు గీకి కంపెనీ పెట్టేసి, మూడేళ్ళ తర్వాత ఆడిటర్ దగ్గరికి పరుగెత్తడం. "ప్రభుత్వ ఫీజులు కార్డు మీద కట్టుకో, అది ఖర్చు. మూలధనం మాత్రం ఒక్క సెంటు కూడా కార్డు మీద వద్దు" అని ఆవిడ ముందే గీత గీశారు. కంపెనీ పుట్టడం, ఖాతా తెరవడం, డబ్బు వెళ్ళడం, వీటిలో ఏది ముందు ఏది వెనక అన్నది ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో నా కంపెనీ పనులు చూసే సర్వీసు కంపెనీ వాళ్ళూ ఆవిడా ఈ-మెయిళ్ళలో మాట్లాడుకుని ఖాయం చేశారు. ఈ వరస మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి నాది చూసి కాపీ కొట్టొద్దు.

మా వీధి చివర ఉన్న బ్రాంచిలో ఫారం ఎఫ్‌సీ అంటే ఎవరికీ తెలియదు. పిల్లల చదువులకి అమెరికా పంపడమే వాళ్ళకి తెలిసిన విదేశీ చెల్లింపు. మేనేజర్ గారు మంచివారే, కుర్చీ వేసి, టీ ఇప్పించి, "మీరేదో ఇన్వెస్ట్‌మెంట్ అంటున్నారు, షేర్ మార్కెట్టా?" అని అడిగారు. చివరికి అదే బ్యాంకులో విదేశీ మారకం చూసే పెద్ద బ్రాంచికి పంపారు. అక్కడ ఒకాయన ఈ ఫారాలు చాలా చూసినవాడు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు నేరుగా అలాంటి బ్రాంచికే వెళ్ళడం మేలు.

ఇక ఈ-రెసిడెన్సీ దరఖాస్తు. దీని గురించి రాయడానికి పెద్దగా లేదు. ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు కాపీ, ఫొటో, నేను ఎవరు, ఏం చేస్తాను, ఎస్టోనియా ఎందుకు అన్న వివరణ, వంద యూరోల పైచిలుకు ఫీజు. ఇప్పుడు ఇంకా పెరిగింది. పరిశీలించేది వాళ్ళ పోలీసు, సరిహద్దు భద్రతా శాఖ. నేరచరిత్ర, పాత వ్యాపారాల గురించి అడుగుతారు. నెల రోజుల తర్వాత మంజూరైందని మెయిల్ వచ్చింది. ఇంకొన్ని వారాలకి కిట్ ఢిల్లీ రాయబార కార్యాలయానికి చేరింది, వచ్చి తీసుకోండి అన్నారు. మనిషి స్వయంగా వెళ్ళాల్సిందే, ఎందుకంటే వేలిముద్రలు అక్కడ తీసుకుంటారు.

చాణక్యపురిలో పెద్ద దేశాల ఎంబసీల ముందు ఉండే క్యూలు ఇక్కడ లేవు. గేటు దగ్గర పేరు చెప్పి లోపలికి వెళ్ళాను. పాస్‌పోర్టు చూశారు, వేలిముద్రలు తీసుకున్నారు, డబ్బా చేతిలో పెట్టారు. అందులో కార్డు, దాన్ని యూఎస్‌బీకి తగిలించే రీడరు, పిన్ నంబర్లున్న కవరు. హైదరాబాద్ నుంచి విమానంలో వచ్చి, ఆటోలో చెమటలు కక్కుతూ చేరినవాడికి ఇంత తొందరగా పని అయిపోవడం కొంచెం అసంతృప్తిగానే అనిపించింది.

జీఎస్టీ, కంపెనీల శాఖ పనుల కోసం డిజిటల్ సంతకం పెట్టే డీఎస్‌సీ టోకెన్ వాడినవాళ్ళకి ఈ కార్డు కొత్తగా ఉండదు. మొదటి పిన్ నాలుగంకెలు, లాగిన్ కావడానికి. రెండోది ఐదంకెలు, సంతకానికి. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అవుతుంది. తేడా ఏమిటంటే, మన దగ్గర టోకెన్ ఆడిటర్ గారి డ్రాయర్లో ఉంటుంది. ఎవరి సంతకం ఎవరు పెడుతున్నారో దేవుడికే తెలియాలి. అక్కడ కార్డు ఇంకొకరికి ఇవ్వడం అంటే వాళ్ళు నిజంగా ఉలిక్కిపడతారు. పిన్ నంబర్లు మా ఆడిటర్ గారికి పంపనా అని నేను అమాయకంగా అడిగితే, సర్వీసు కంపెనీ అమ్మాయి నుంచి వచ్చిన జవాబు ఒక్క ముక్క: వద్దు.

వాళ్ళ జవాబులన్నీ అంతే. నేను "డియర్ సర్, ఆశిస్తున్నాను, మీరు క్షేమమని" అంటూ నాలుగు వరసల పీఠిక రాస్తే, నా పేరు, ఒక వాక్యం, వాళ్ళ పేరు, అయిపోయింది. మొదట్లో కోపమొచ్చిందేమో అనుకున్నాను. కాదు, వాళ్ళ మర్యాద అదే. ఇప్పుడు నేనూ అలాగే రాస్తున్నాను. హైదరాబాద్ కస్టమర్లకి కూడా అలవాటు ప్రకారం అలా రాసేస్తే వాళ్ళు ఫోన్ చేసి "ఏమైంది సార్, ఏమైనా తప్పు చేశామా?" అంటున్నారు.

సర్వీసు కంపెనీ ఎందుకంటే, డైరెక్టర్ ఎస్టోనియాలో లేకపోతే అక్కడ ఒక చిరునామా, లైసెన్సు ఉన్న ఒక కాంటాక్ట్ పర్సన్ తప్పనిసరి. ప్రభుత్వ నోటీసులు ఆ మనిషికి అందితే మనకి అందినట్టే. ఇలాంటి సేవకి ఏడాదికి రెండు, మూడు వందల యూరోలు అడుగుతారు. లెక్కలు రాసిపెట్టడానికి నెలవారీ రుసుము వేరు. ఎవరిని పెట్టుకోవాలో ధరను బట్టి తేల్చుకోవద్దు. నేను రెండు కంపెనీలకి ఒకే కఠినమైన ప్రశ్న రాశాను: నేను హైదరాబాద్‌లోనే కూర్చుని పని చేస్తే పన్ను ఎక్కడ కట్టాలి? ఒకరు "ఎక్కడా కట్టక్కర్లేదు" అన్నారు. ఇంకొకరు "మీ దేశంలో అడగండి, ఇండియాలో పడే అవకాశం ఉంది" అన్నారు. రెండోవాళ్ళని తీసుకున్నాను.

రిజిస్ట్రేషన్ ఒక సాయంత్రం పని. వాళ్ళ బిజినెస్ రిజిస్టర్‌లో కార్డుతో లాగిన్ అయ్యాను. హైదరాబాద్‌లో ఓయూ అంటే ఉస్మానియా కాబట్టి, అక్కడ ఓయూ అని పిలిచే కంపెనీ రకాన్ని ఇక్కడ ప్రైవేట్ లిమిటెడ్ అనే రాస్తాను. పేరు కొడితే దానికి దగ్గరగా ఉన్న పేర్లన్నీ అప్పటికప్పుడు చూపించింది. గోదావరి పాయల్లో ఒకదాని పేరు పెట్టాను, అక్కడ దానికి పోటీ ఎవరూ లేరు. వ్యాపారం ఏ రకమో కోడ్ ఎంచుకోవడం, అసలు యజమాని ఎవరో ప్రకటించడం, నియమావళికి సంతకం, 265 యూరోల ఫీజు. చిరునామా ఇవ్వడానికి కాంటాక్ట్ పర్సన్ అటువైపు నుంచి సంతకం పెట్టారు. వారం తిరగకముందే కంపెనీ నంబర్ వచ్చింది.

ఒక సంగతి తెలుసుకోండి. ఆ రిజిస్టర్‌లో కంపెనీ యజమాని ఎవరు, డైరెక్టర్ ఎవరు, ఏటా పెట్టే లెక్కలు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నా మొదటి ఏడాది నష్టం ఎంతో మ్యూనిక్ మిత్రుడు నాకన్నా ముందే చూసి ఫోన్ చేశాడు.

కంపెనీ నంబర్ వచ్చిన రోజు ఇంట్లో పాయసం చేశారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ కంపెనీకి డబ్బు పెట్టుకోవడానికి ఖాతా లేదు.

ఎస్టోనియా బ్యాంకులు విదేశీయుల్ని అనుమానంగా చూడటానికి పెద్ద కారణమే ఉంది. డాన్స్కే బ్యాంకు అనే డెన్మార్క్ బ్యాంకుకి తాలిన్‌లో ఒక బ్రాంచి ఉండేది. 2007 నుంచి 2015 మధ్య ఆ చిన్న బ్రాంచి గుండా సుమారు 20 వేల కోట్ల యూరోల విదేశీ సొమ్ము పోయింది, అందులో చాలా భాగం అనుమానాస్పదమైనదని 2018లో బయటపడింది. 2019లో బ్రాంచిని మూసేయమన్నారు. అప్పటి నుంచి అక్కడి బ్యాంకుల్లో నాలాంటి దరఖాస్తు చూస్తే మొదటి ప్రశ్న ఒకటే: ఎస్టోనియాతో మీకు సంబంధం ఏమిటి? అదే దేశ ప్రభుత్వం "రండి, కంపెనీ పెట్టండి" అని కార్డు ఇస్తుంది, అదే దేశపు బ్యాంకు "మీరెందుకు వచ్చారు?" అంటుంది. ప్రభుత్వం చెప్పినంత మాత్రాన ప్రైవేటు బ్యాంకు ఖాతా ఇవ్వక్కర్లేదు కదా, ఆ మాట ఈ-రెసిడెన్సీ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. చిన్న అక్షరాల్లో కాదు, మామూలు అక్షరాల్లోనే. మనమే చదవం.

అందుకని అందరిలాగే నేనూ ఆన్‌లైన్ పేమెంట్ సంస్థల వైపు తిరిగాను. మొదటి సంస్థ అన్ని పత్రాలూ తీసుకుని, కారణం చెప్పకుండా కుదరదంది. అప్పీలుకి కూడా అదే వాక్యం తిప్పి పంపింది. మనిషితో మాట్లాడే దారి లేదు, చాట్‌లో ఒక రోబో ఉంటుంది, అది నాకు శుభదినం కోరుతుంది. ఆ నెలలో నిజంగా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే కంపెనీ ఉందని హోటళ్లకి అప్పటికే చెప్పేశాం.

రెండో సంస్థ అడిగిన ప్రశ్నలు పరీక్షలా ఉన్నాయి గానీ, కనీసం ప్రశ్నలంటూ అడిగింది. పెట్టుబడి డబ్బు ఎక్కడిది? మూడేళ్ళ ఇన్‌కంట్యాక్స్ రిటర్నులు పెట్టాను. కస్టమర్లు నిజంగా ఉన్నారా? హోటళ్లతో ఒప్పందాలు పెట్టాను. ఇంటి చిరునామాకి రుజువు? మా ఇంట్లో కరెంటు బిల్లు నాన్న పేరు మీద ఉంది, గ్యాస్ అమ్మ పేరు మీద ఉంది, ఇంటర్నెట్ తమ్ముడి పేరు మీద ఉంది. ఉమ్మడి కుటుంబంలో ఉండేవాడికి చిరునామా రుజువు దొరకడం కంపెనీ పెట్టడం కన్నా కష్టం. చివరికి బ్యాంకు స్టేట్‌మెంట్ మీద బ్రాంచి ముద్ర వేయించి పంపితే ఒప్పుకున్నారు. ఖాతా వచ్చింది. దాని నంబర్ బెల్జియంది. ఎస్టోనియా కంపెనీ, బెల్జియం ఖాతా, హైదరాబాద్ డైరెక్టర్, జర్మనీ కస్టమర్. యూరోలు పంపుకోవడానికి ఆ దేశాలన్నింటికీ ఒకటే వ్యవస్థ కాబట్టి హోటళ్లకి ఇదేమీ తెలియదు, వాళ్ళకి అది లోకల్ ట్రాన్స్‌ఫర్‌తో సమానం. అసలు మనకి కావలసింది అదే.

వ్యాట్ దగ్గర ఇంకో మలుపు. ఎస్టోనియాలో ఏడాది అమ్మకాలు 40 వేల యూరోలు దాటేదాకా వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మాకు నంబర్ కావాలి కాబట్టి మేమే అడిగాం. పన్నుల శాఖ వెంటనే ఇవ్వలేదు. వ్యాపారం నిజమా, ఉత్తుత్తిదా అని తేల్చుకోవడానికి ఎస్టోనియన్ భాషలో ఉత్తరం పంపింది. కాంటాక్ట్ పర్సన్ ఉండటం అక్కడ పనికొచ్చింది. ఒప్పందాలు, వెబ్‌సైట్, మొదటి బిల్లులు చూపిస్తే నంబర్ ఇచ్చారు. ఇక మా బిల్లులు జర్మన్ హోటల్‌కి వ్యాట్ లేకుండానే వెళ్తాయి. ఆ హోటలే తన దేశంలో తన లెక్కలో చూపించుకుంటుంది. మన జీఎస్టీలో రివర్స్ ఛార్జి ఎలాగో అలాగే. బిల్లు మీద వాళ్ళ నంబర్ సరైనదో కాదో యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి. వ్యాట్ రిటర్ను ప్రతి నెలా 20వ తేదీలోపు. అమ్మకాలు లేని నెలలో కూడా.

పన్ను విషయంలో ఎస్టోనియాకున్న పేరంతా ఒక్క నియమం వల్ల. 2000 నుంచి అక్కడ కంపెనీ లాభం మీద, ఆ లాభాన్ని బయటికి తీయనంతకాలం, పన్ను లేదు. తీసినప్పుడే కట్టాలి. నేను మొదలుపెట్టినప్పుడు 20 శాతం, 2025 నుంచి 22. అంటే పదివేల యూరోల లాభం ఉంటే, దాన్ని కంపెనీలోనే వదిలి కొత్త ఫీచర్ మీద ఖర్చు పెడితే సున్నా. డివిడెండుగా తీస్తే 7,800 నా చేతికి, 2,200 వాళ్ళకి. డైరెక్టర్‌గా జీతం తీసుకుంటే అది వేరే లెక్క, ఆదాయపు పన్నుతో పాటు 33 శాతం సామాజిక పన్ను కూడా పడుతుంది. అందుకే నేను డైరెక్టర్ జీతం ఒక్క యూరో కూడా తీసుకోను.

ఈ సున్నా శాతం చూసే చాలామందికి కళ్ళు తిరుగుతాయి. మా ఆడిటర్ గారికి తిరగలేదు. "కోడ్ ఎక్కడ రాస్తున్నావు?" అని అడిగారు. మియాపూర్‌లో. "నిర్ణయాలు ఎక్కడ తీసుకుంటున్నావు?" అదీ మియాపూర్‌లోనే. "మరి లాభం తాలిన్‌లో ఎలా పుట్టింది?"

దీనికి జవాబు రెండు ముక్కలుగా ఉంది. విదేశీ కంపెనీని నడిపించేది ఇండియా నుంచే అయితే దాన్ని ఇక్కడి కంపెనీగానే లెక్కగట్టే నియమం ఒకటి ఉంది. ఏడాది అమ్మకాలు 50 కోట్ల రూపాయలు దాటని కంపెనీలకి అది వర్తించదని 2017లో సర్క్యులర్ ఇచ్చారు. నాకు ఆ యాభై కోట్ల బెంగ ఇప్పట్లో లేదు. కానీ రెండో ముక్క తప్పదు. పని జరిగేది ఇక్కడ కాబట్టి, ఆ పనికి తగిన ఆదాయం ఇక్కడే చూపించాలి. రెండు దేశాల మధ్య 2011లో సంతకమైన పన్ను ఒప్పందం ఉన్నా, అది రెండుసార్లు పన్ను పడకుండా చూస్తుందే గానీ, ఎక్కడా పన్ను పడకుండా చూడదు. అందుకని నా హైదరాబాద్ సంస్థ తాలిన్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టి నెలనెలా బిల్లు వేస్తుంది, బయటివాళ్ళకి వేసే ధరకే. ఆ డబ్బు ఎగుమతి ఆదాయంగా ఇక్కడికి వస్తుంది, దాని మీద ఇక్కడ పన్ను కడతాను. రెండూ నావే కాబట్టి ధర న్యాయంగానే ఉందని ఏటా 3సీఈబీ అనే సర్టిఫికెట్ కూడా కావాలి. తాలిన్‌లో మిగిలేది కొద్దిపాటి లాభం. సున్నా శాతం దాని మీదే.

రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు కూడా మరచిపోకూడదు. ఆ వాటాలు, ఆ కంపెనీ ఖాతా మీద నా సంతకాధికారం, అన్నీ అందులో రాయాలి. మన ఆర్థిక సంవత్సరానికి కాదు, క్యాలెండర్ సంవత్సరానికి. రాయకపోతే నల్లధనం చట్టం కింద జరిమానా పది లక్షలు. ఈమధ్య చిన్న మొత్తాలకి కొంత సడలింపు ఇచ్చారు గానీ, దాని మీద ఆధారపడి రాయకుండా ఉండటం తెలివైన పని కాదు.

2024 మేలో తాలిన్ వెళ్ళాను. అవసరం లేదు, నిజానికి. ఎస్టోనియా బ్యాంకులో ఒక ఖాతా ఉంటే బాగుంటుందని, ఎదురుగా కూర్చుని అడిగితే ఇస్తారేమోనని ఆశ. అందరిలాగే యూరప్‌కి ఇచ్చే షెంగెన్ వీసా తీసుకుని, ఢిల్లీ నుంచి హెల్సింకి విమానంలో, అక్కడి నుంచి రెండు గంటలు ఓడలో. ఓడ తాలిన్ దగ్గరికి వస్తుంటే పాత ఊరి చర్చి శిఖరాలు ముందు కనిపిస్తాయి. రాత్రి పదింటికి కూడా వెలుతురే. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చూడాలని వెళ్ళాను. మామూలు ఆఫీసు భవనంలో ఒక గది, అదే చిరునామా మీద నాలాంటి కంపెనీలు ఇంకెన్నో. ఇన్నాళ్ళూ ఒక్క వాక్యం మెయిళ్ళు రాసిన అమ్మాయి ఎదురుగా కాఫీ ఇచ్చి గంటసేపు కబుర్లు చెప్పింది. జూన్ 23, 24 తేదీల్లో దేశమంతా సెలవు, ఊళ్ళకి పోయి మంటలు వేసుకుని పండగ చేసుకుంటాం, వార్షిక లెక్కలకి ఆఖరు తేదీ జూన్ 30, కాబట్టి ఆ వారంలో మమ్మల్ని నమ్ముకోవద్దు, మే నెలలోనే సంతకం పెట్టేయండి అంది. నాకు ఆ ప్రయాణంలో దొరికిన అన్నిటికన్నా పనికొచ్చే సలహా అదే.

బ్యాంకులో మాత్రం కథ మారలేదు. ఆఫీసరు చాలా మర్యాదగా అడిగాడు. ఇక్కడ ఉద్యోగులున్నారా? లేరు. ఇక్కడ కస్టమర్లున్నారా? లేరు. సరఫరాదారులు? నా అకౌంటెంటు. రెండు రోజుల తర్వాత రెండు వాక్యాల మెయిల్, ఇవ్వలేం అని. బాధగా అనిపించలేదు. ఆ ప్రశ్నలకి నా జవాబులు నేనే విన్నాను కదా, ఆ కుర్చీలో నేనున్నా ఇవ్వను.

ఇప్పుడు ఖర్చులు చూస్తే, ఇక్కడి ఆడిటరు, అక్కడి అకౌంటెంటు, చిరునామా, ఖాతా, సర్టిఫికెట్లు అన్నీ కలిపి ఏటా లక్షల్లోనే అవుతోంది. యూరప్‌లో నెలనెలా కట్టే కస్టమర్లు ఉన్నారు కాబట్టి నాకు గిట్టుబాటవుతోంది. కంపెనీ పెడితే కస్టమర్లు వస్తారని పెట్టేవాళ్ళకి ఎలా గిట్టుబాటవుతుందో నాకు అర్థం కాదు. అలా పెట్టి, రెండేళ్ళు వార్షిక లెక్కలు కూడా పంపక, రిజిస్టర్ నుంచి పేరు తీసేయించుకున్నవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు.

ఈమధ్య మ్యూనిక్ మిత్రుడు కూడా వాటా తీసుకుని, ఇంకో డైరెక్టర్‌గా చేరతానంటున్నాడు. అమ్మకాలన్నీ తెచ్చింది వాడే, కాదనడానికి లేదు. అయితే కంపెనీ నిర్ణయాలు జర్మనీలో కూర్చుని తీసుకుంటే, కంపెనీ మొత్తం తమ పన్ను కిందికి వస్తుందని జర్మనీవాళ్ళు అనొచ్చు. వాడు వాటాదారుగా ఉండి డైరెక్టర్ కాకుండా ఉంటే సరిపోతుందా అని అక్కడి పన్ను సలహాదారుని అడిగాం. ఒక గంట మాట్లాడటానికి ఆయన చెప్పిన ఫీజు నా తాలిన్ చిరునామా ఏడాది ఖర్చు కన్నా ఎక్కువ. వాడూ నేనూ చెరి సగం వేసుకుని వచ్చే నెలకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.